బాలసాహిత్యమునకు తాళమేల?

పల్లెటూరి బడిలో మూడవ తరగతి చదువుచున్న పిల్లవాని చేతికి రెండవ తరగతి పాఠమొకటి యిచ్చి చదువుమన్నచో వాడు చదువగలడా? ఈ చిన్న ప్రశ్నతో దేశమందలి గ్రామములను తిరిగి సమాధానములు సేకరించు పరిశీలన మొకటి కలదు. ప్రథమ్ సంస్థవారు 2005 లో ఆరంభించిన ఆ వార్షిక విద్యాస్థితి నివేదికను 'అసర్' అని వ్యవహరింతురు. ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018 లో నూటికి 20.9 మంది. బడులు మూతపడిన కోవిడు కాలము గడచిన పిమ్మట, 2022 లో ఆ సంఖ్య 16.3 కు దిగజాఱినది. 2024 లో 23.4 కు చేరినది. పెరిగినందుకు సంతసింపవలసినదే. కాని నలుగురిలో ముగ్గురు చదువలేకున్నారన్న మాట ఆ సంతోషమును నిలువనీయదు. ఐదవ తరగతి ముగించి పై బడికి పోవనున్న పిల్లలలో సయితము రెండవ తరగతి పాఠమును చదువగలవారు ఆ యేట 44.8 మందియే.

వీరు బడికి రాని పిల్లలు కారు. పేరు హాజరుపట్టీలో నున్నది; బల్లపై కూర్చుండుట, మధ్యాహ్న భోజనము చేయుట, గంట కొట్టగానే యింటికి పోవుట అన్నియు సక్రమముగనే జరుగుచున్నవి. చదువు మాత్రము వచ్చుట లేదు. ఇందులకు పిల్లల బుద్ధిమాంద్యమును కారణముగా చెప్పువారితో మేమేకీభవింపజాలము. అదే పిల్లవాడు సంతలో చిల్లర లెక్క తప్పడు; చూచిన చలనచిత్రమును ఆద్యంతము అప్పగించును; అవ్వ చెప్పిన కథలో ఒక్క ముక్క తప్పినను 'అట్లు కాదవ్వా' అని దిద్దును. ఇంతటి జ్ఞాపకశక్తియు, ఇంతటి భాషయు గలవానికి అచ్చుకాగితము ముందు నోరు మూతపడుచున్న దనిన, లోపము వానియందు లేదు. వానికిని ఆ కాగితమునకును నడుమ మనము కట్టిన గోడయందున్నది.

ఉపాధ్యాయుల కొఱత, ఒకే గురువు రెండు మూడు తరగతులను నడపవలసివచ్చుట, ఇంట చదువుకొన్నవారు లేకుండుట మొదలగు కారణములు పెక్కులు కలవు. అవి యొక్కనాటితో తీఱునవి కావు. కాని మన చేతిలో నున్న కారణమొకటి కలదు. చదువుట నేర్చుకొను పిల్లవానికి చదువదగిన దేదియు మన మీయకున్నాము. నేటి సంపాదకీయమున దానిని గూర్చియే విచారింప దలచితిమి.

మన బడులలో చదువు ఎట్లారంభమగునో పాఠకు లెఱుగనిది కాదు. మొదట వర్ణమాల, పిదప గుణింతములు, ఆపైని వత్తులు, ఆపైని రెండక్షరముల మాటలు, మూడక్షరముల మాటలు. గురువు పలుకగా తరగతి యంతయు రాగము తీయుచు పలుకును. వ్రేలొక పంక్తిమీద నుండును, నోరు మఱియొక పంక్తిని పలుకుచుండును. వాక్యము వచ్చునప్పటికి ఏడాది గడచును. కథ వచ్చునప్పటికి రెండేండ్లు గడచును. అప్పటికి పిల్లవాని మనస్సున చదువనగా ఏమో స్థిరపడిపోవును: అర్థముతో పనిలేక బిగ్గఱగా పలుకవలసిన దేదో అదియే చదువు!

తెలుగు లిపియందు ఈ క్రమము మఱింత బరువైనది. మనకు ముప్పదికి పైగా హల్లులు కలవు. ఒక్కొక్క హల్లునకు పండ్రెండు పదమూడు గుణింతము లన్నను, రూపములు నాలుగువందలకు మించును. వత్తులతో కూడిన సంయుక్తాక్షరములను కలిపినచో వాని సంఖ్య యింకను పెరుగును. మన లిపికి తోబుట్టువైన కన్నడమున పిల్ల లక్షరములు నేర్చు వేగమును సోనాలీ నాగ్ అను విదుషి పరిశోధించి 2007 లో ప్రకటించినది. అక్షరములన్నియు పట్టుబడుటకు తొలి యొకటి రెండు తరగతులు చాలవనియు, ఆ యభ్యాసము ప్రాథమిక దశలో చాల దూరము సాగుననియు ఆమె నిరూపించినది. తెలుగున నిందుకు భిన్నముగా నుండునని తలచుటకు హేతువు లేదు. ఇక ఆలోచింపుడు. 'అక్షరములన్నియు వచ్చిన పిదపనే పుస్తకము' అను నియమము పెట్టుకొన్నచో, పిల్లవాడు పుస్తకపు రుచి యెఱుగకయే మూడు నాలుగేండ్లు గడుపవలయును. ఈత పూర్తిగా వచ్చిన పిదపనే నీటిలో దిగవలెనన్నట్లున్నది ఈ నియమము.

ఇందుమీద మా మాటను కొందఱు అపార్థము చేసికొనవచ్చును. వర్ణమాలను విసర్జింపుడనియు, కథలు చూపిన చాలును, చదువు దానంతట అదియే వచ్చుననియు మేమనుట లేదు. అట్టి వాదము పాశ్చాత్య దేశములలో కొంతకాలము ప్రబలినది. అమెరికాలో చదువు బోధనను విచారించిన జాతీయ మండలి 2000 లో తన నివేదికను ప్రకటించుచు, అక్షరములకును ధ్వనులకును గల సంబంధమును క్రమపద్ధతిని నేర్పుట పిల్లలకు మేలని తేల్చినది. తడవుకొనక చదువుటయు, పదసంపదయు, అర్థగ్రహణమును అంతే యవసరమని చెప్పినది. రెండు చక్రములును ఉన్నగాని బండి కదలదు. మన బడులలో అక్షరమను చక్రము అరిగిపోవునట్లు తిరుగుచున్నది. అర్థమను చక్రము బండికి తగిలింపనేలేదు. మా ఫిర్యాదు అంతియే.

కథలతో చదువు చెప్పుట మనకు క్రొత్త యన్నవాడు తన యింటి చరిత్రమును మఱచినవాడు. పంచతంత్రము పుట్టుకయే యిందులకు సాక్ష్యము. చదువన్న విముఖులైన మువ్వురు కొడుకులను అమరశక్తి మహారాజు విష్ణుశర్మ కప్పగించెను. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని సభలోని వారనగా, ఆ వృద్ధ బ్రాహ్మణుడు ఆఱు మాసముల గడువు కోరి, కాకులను, ఎలుకలను, సింహమును, ఎద్దును మాటలాడించి పని నెఱవేర్చెను. ఆ కథల నాధారము చేసికొని చిన్నయసూరి 1853 లో నీతిచంద్రికను వెలయించెను. అది గద్యమునకు మకుటము. అందు సందేహము లేదు. కాని పిల్లల కొఱకు పుట్టిన కథను వ్యాకరణ శిక్షకు సాధనముగా మార్చి, బాలురచే ప్రతిపదార్థము వల్లింపజేసిన పాపము సూరిది కాదు, మన పాఠశాలలది. విష్ణుశర్మ వ్యాకరణమును తప్పించుకొనుటకు కథ చెప్పెను. మనము కథను చూపి వ్యాకరణమున పడవేసితిమి.

పిల్లలకు వారి మాటలలో వ్రాయవలెనన్న తలపు మనలో లేకపోలేదు. చింతా దీక్షితులుగారు విద్యాశాఖలో పనిచేయుచునే 'లక్కపిడతలు' వంటివి పిల్లలకు వ్రాసి యిచ్చిరి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ఆంధ్రదేశమున ఇంటింట తెలిసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945 లో 'బాల' పత్రికను స్థాపించిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారల 'చందమామ' వెలువడినది. కొడవటిగంటి కుటుంబరావుగారు దానిని దశాబ్దములు తీర్చిదిద్దిరి. ఆ పత్రిక నేడు లేదు. కాని నేడు అఱువది డెబ్బది యేండ్ల వయస్సున నున్న తెలుగువారి నడుగుడు: చదువుట మీకెవరు నేర్పిరని. బడి పేరు చెప్పువారికన్న చందమామ పేరు చెప్పువారే యెక్కువగా నుందురు. పరీక్ష లేదు, బెత్తము లేదు. తరువాత నేమాయెనో తెలిసికొనవలెనన్న ఆతురత మాత్రముండెను. ఆ యాతురతయే గురువు.

ఇతర ప్రాంతముల పెద్దలు దీనిని బడిలోపలికే తెచ్చిరి. రవీంద్రుడు 1930 లో వంగబాలురకు 'సహజపాఠము' వ్రాయగా నందలాల్ బోసు బొమ్మలు చెక్కి యిచ్చెను. మహాకవియు, మహాచిత్రకారుడును కలిసి తొలివాచకమును కూర్చుట తమ స్థాయికి తక్కువ అనుకొనలేదు. ఘూర్జరమున గిజూభాయి బధేకా న్యాయవాదవృత్తిని విడిచి, 1920 లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పెను. ఆయన 'దివాస్వప్నము' అను గ్రంథములోని ఉపాధ్యాయుడు అల్లరి పిల్లలతో నిండిన తరగతిని కథతోనే వశపఱచుకొనును. ఒక్కొక్క పిల్లవాడును ఒకే వాచకమును కొనుటకు మాఱుగా ఆ సొమ్ముతో వేర్వేఱు కథాపుస్తకములు కొని తరగతికొక చిన్న గ్రంథాలయము కూర్చును. అదనముగా పైస ఖర్చు లేదు. నలుబదిమంది చేత ఒకే పుస్తకము నలుబది ప్రతు లుండుటకు బదులు నలుబది పుస్తకము లుండును. ఇంతటి తేలిక లెక్క మన విద్యాధికారుల కేల తోచదో!

తరగతిలో నిది యెట్లు జరుగవలయునో స్థూలముగా చెప్పెదము. గురువు మొదటినాడు కథను పుస్తకము చూపుచు, బొమ్మలు చూపుచు, చక్కగా చదివి వినిపింపవలయును. నడుమ నాగి, 'ఇక నేమి జరుగును?' అని యడుగవలయును. మఱునాడు అదే కథను పిల్లలచే చెప్పింపవలయును, కావలసినచో ఆడింపవలయును. మూడవనాడు అందులో మఱల మఱల వచ్చు రెండు మూడు మాటలను నల్లబల్లపై వ్రాసి, వాని యక్షరములను విడదీసి, కలిపి చూపవలయును. వర్ణమాల పాఠమున కిదియే తావు. 'కాకి' కథ విన్న పిల్లవానికి 'క'కారమున కాత్వమును, ఇత్వమును ఎందుల కిచ్చితిమో వేఱుగా చెప్పవలసిన పనిలేదు. నాలుగవనాడు పిల్లలు జంటలుగా కూర్చుండి అదే పుస్తకమును చదువవలయును. కథ ముందే తెలిసియుండుటచే వారు తడబడినను భయపడరు. తెలిసిన అర్థము తెలియని అక్షరమునకు చేయూత నిచ్చును. ఐదవనాడు వ్రాత.

వ్రాత యనగా మన బడులలో రెండే కలవు: చూచివ్రాత, చెప్పివ్రాత. రెండింటను పిల్లవాని సొంత మాట ఒక్కటియు లేదు. దస్తూరి కుదురుటకు చూచివ్రాత కావలసినదే. కాని యది వ్రాత కాదు, వ్రాతకు సాధన. పిల్లవాడు తాను చెప్పదలచిన దానిని కాగితముపై పెట్టుటయే వ్రాత. ఇంకను అక్షరములు రాని బాలుడు నోట చెప్పగా గురువు బల్లపై వ్రాసి, దానినే వానిచే చదివించిన చాలును. తన మాట అచ్చముగా కంటికి కనబడుట చూచినవాడు ఆ విద్యను విడువడు. న్యూజీలండున మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ అను ఉపాధ్యాయిని, పిల్లలు తమకు ప్రియమైనవనియు భయంకరమైనవనియు చెప్పిన మాటలనే అట్టలపై వ్రాసి యిచ్చి తొలిపాఠములుగా చేసికొన్నది. 1963 లో ఆ యనుభవమును గ్రంథముగా ప్రకటించినది. మన పిల్లలును కథకు ముగింపు మార్చి వ్రాయగలరు. తమ యూరి చెఱువును గూర్చి, తమ యింటి దూడను గూర్చి వ్రాయగలరు. తప్పులుండును. ఉండనిండు. ఎఱ్ఱసిరాతో పుట యంతయు నింపిన గురువు దిద్దినది వ్రాతను కాదు, వ్రాయవలెనన్న కోరికను.

ఇక భాషను గూర్చి యొక మాట. ఈ సంపాదకీయమున మేము వాడుచున్న భాష పెద్దలతో పెద్ద విషయము ముచ్చటించునది. ఐదేండ్ల పసివానికిది పనికిరాదు. వానికి తొలిపుస్తకము వాని యింటి పలుకుబడిలో నుండవలయును. పాలమూరు పిల్లవాడును, చిత్తూరు పిల్లవాడును, శ్రీకాకుళపు పిల్లవాడును తమ తల్లి మాట పుస్తకమున కనబడిన నాడే పుస్తకము తమదనుకొందురు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఈ సత్యమును గ్రహించియే సవర భాషను స్వయముగా నేర్చి, సవర బాలురకు వాచకములు కూర్చిరి. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సవర, గోండి, కోయ, కోలామి, లంబాడి మున్నగు ఎనిమిది భాషలలో తొలితరగతుల పుస్తకములు సిద్ధముచేసిన కార్యక్రమము ఆ బాటలోనిదే. ఇంగ్లీషు మాధ్యమమును కోరు తలిదండ్రులను మేము నిందింపము. వారు కోరునది బిడ్డల బాగునే. కాని చదువుట యను విద్య ఒక్కమాఱే నేర్వబడును. తెలిసిన భాషలో నేర్చినవాడు దానిని ఇంగ్లీషునకును కొనిపోగలడు. తెలియని భాషలో తెలియని లిపిని ఎదుర్కొన్నవాడు రెండింటను దరి చేరడు.

పుస్తకములు లేవా యనిన, ఉన్నవి. ఈ విషయమునే మేము ముఖ్యముగా చెప్పదలచినది. 1957 లో నెలకొన్న నేషనల్ బుక్ ట్రస్టు మొదలుకొని సికిందరాబాదు మంచి పుస్తకమువారి వఱకు పిల్లల కొఱకు తెలుగున పుస్తకములు వెలువరించువారు కలరు. ప్రథమ్ బుక్స్ వారు 2015 లో ఆరంభించిన స్టోరీవీవరు అను వేదికయందు తెలుగు కథలను ఎవరైనను ఉచితముగా చదువవచ్చును, అచ్చువేసికొనవచ్చును. చట్టము లేదా యనిన, అదియు నున్నది. 2010 ఏప్రిల్ 1 న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము తన అనుబంధమున ప్రతి పాఠశాలకును గ్రంథాలయ ముండవలెననియు, అందు వార్తాపత్రికలు, మాసపత్రికలతోపాటు కథాపుస్తకములును ఉండవలెననియు విస్పష్టముగా శాసించినది. చదువును, లెక్కలును తొలి మూడు తరగతులలో స్థిరపడవలెనని కేంద్రప్రభుత్వము 2021 జూలై 5 న 'నిపుణ్ భారత్' ఉద్యమమును ప్రారంభించి, 2026-27 ను గడువుగా పెట్టుకొన్నది. తెలంగాణము 2022 లో 'తొలిమెట్టు'ను చేపట్టినది. పుస్తకములున్నవి, చట్టమున్నది, ఉద్యమమున్నది. పిల్లవాని చేతిలో పుస్తకము మాత్రము లేదు. ఏమైనది?

ప్రధానోపాధ్యాయుని గదిలోని యినుప బీరువా నడుగుడు. పుస్తకములు అందున్నవి, బీరువాకు తాళమున్నది, తాళపుచెవి ఉపాధ్యాయుని జేబులో నున్నది. దీనికి ఉపాధ్యాయుని నొక్కని దూషించుట న్యాయము కాదు. వచ్చిన ప్రతి పుస్తకమును స్టాకు రిజిస్టరున కెక్కును. తనిఖీకి వచ్చిన అధికారి ఎన్ని పుస్తకములు చదువబడినవని యడుగడు. ఎన్ని యున్నవని యడుగును. ఒకటి తగ్గిన సంజాయిషీ, చిరిగిన సంజాయిషీ. ఇట్టి యేర్పాటున బుద్ధిమంతుడైన యే గుమాస్తాయైనను చేయు పనినే ఉపాధ్యాయుడు చేయుచున్నాడు: తాళము వేయుచున్నాడు. బియ్యము వండక బస్తాలు లెక్కపెట్టి, కొట్టు నిండుగా నున్నదని సంతసించు అన్నసత్ర మెట్టిదో, పుటలు నలుగని పుస్తకములుగల పాఠశాల యట్టిది.

ఈ దేశమున నొకప్పుడు పుస్తకము మనుష్యుని వెదకికొని పోయినది. 1914 లో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికచే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల మహాసభ సమకూడినది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగా రధ్యక్షత వహించిరి. పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలపై పడవలో పుస్తకములు పంపి పల్లెప్రజలకు చదువుట కిచ్చిరి. ప్రభుత్వ సాయము కఱవైన పరపాలనలో తడిసిపోవునన్న భయము లేక నీటిపై నడచిన పుస్తకము, స్వరాజ్యమున పిల్లవాని చేయి తగులునన్న భయముతో బీరువాలో దాగుట మనకు తలవంపు.

ఆక్షేపణలు రెండు వినబడుచున్నవి. కథలతో కాలము వ్యర్థమగును, పాఠ్యప్రణాళిక పూర్తికాదు అనునది మొదటిది. ప్రణాళిక పూర్తియైనను ఐదవ తరగతిలో సగముమందికి పైగా చదువలేకున్నారని పై యంకెలు చెప్పుచున్నవి. పూర్తియగుచున్నది పుస్తకము, చదువు కాదు. పిల్లలు పుస్తకములు చింపుదురు అనునది రెండవది. చింపుదురు. పలకలు పగులగొట్టరా, చొక్కాలు చింపుకొనరా? చిరిగిన పుస్తకము ఖర్చు కాదు, ఫలము. చిరిగిన పుస్తకమును ఆ బడిపిల్లలే జిగురు పెట్టి అతికించుట నేర్వగలరు. అదియు నొక చదువే.

కావున మేము కోరునవి నాలుగు. ఏటేట బడి పుస్తకములలో కొంతభాగము అరుగుదలక్రింద కొట్టివేయుటకు ప్రధానోపాధ్యాయునకు అధికారమిచ్చుచు, చిరిగినందుకు సంజాయిషీ అడుగరాదని విద్యాశాఖ ఉత్తరువు జారీచేయవలయును. తనిఖీ అధికారి రిజిస్టరు చూచుటకు మునుపు, ఒక పిల్లవానిని పిలిచి నిన్న నేమి కథ చదివితివని యడుగవలయును. ప్రతి తరగతికిని దినమున కొక్క గడియ కథకు, స్వేచ్ఛాపఠనమునకు కాలపట్టికలో నిర్ణయింపవలయును. ఉపాధ్యాయశిక్షణలో కథ చదివి వినిపించుటను, పిల్లల వ్రాతను వినయముతో చదువుటను విద్యలుగా నేర్పవలయును.

ప్రభుత్వము చేయునంత వఱకు ఆగుదమనువారికి మఱియొక మాట. మా పాఠకులలో భూవసతి గలవారును, పట్టణములలో స్థిరపడినవారును పెక్కుండ్రు. తమ బిడ్డలను రుసుములు చెల్లించి వేఱు బడులకు పంపుచున్నారు. తమ యూరి బడి గుమ్మము త్రొక్కి యెన్నేండ్లైనదో వారే యెఱుగుదురు. ఆ బడిలో చదువుచున్నవారు తమ పొలమున నాటువేయుచున్న వారి బిడ్డలు. వారు చదువలేకపోయినచో నష్టము వారిది మాత్రమే యని తలపరాదు. పత్రమును చదువలేనివాడు వ్రేలిముద్ర వేయును. వ్రేలిముద్ర వేయువాని యోటు చదువగలవాని చేతిలో నుండును. అట్టి పల్లెలపై నిలిచిన ప్రజాస్వామ్యము ఎంత పటిష్ఠమో చెప్పనక్కఱలేదు. విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని తలిదండ్రులతో కూడిన యాజమాన్యసంఘము నేర్పఱచినది. దాని సమావేశమునకు పోయి ఒక్క ప్రశ్న వేయుడు: బీరువా తాళము తెఱచి యెన్నాళ్లైనది? పెండ్లికి కాల్చు బాణసంచాలో పదవవంతు మిగిల్చి ఊరి బడికి కథాపుస్తకములు కొని యిండు. శిలాఫలకము వేయింపకుడు; పుస్తకములు చిరుగునట్లు చూడుడు. వారమున కొకనాడు సాయంకాలము, చదువు వచ్చిన మీ యింటి యువకులను పంపి పిల్లలకు కథ చదివి వినిపింపజేయుడు.

అక్షరము నేర్పుట రాజ్యము పని కావచ్చును. అక్షరముపై ప్రేమ పుట్టించుట సంఘము పని. బీరువాలోని కథలు పిల్లల కొఱకు వ్రాయబడినవి, చెదపురుగుల కొఱకు కాదు. రానున్న విద్యాసంవత్సరము మొదటినాడు, ఆంధ్ర తెలంగాణములందలి ప్రతి ప్రాథమిక పాఠశాలలోను తొలుత మ్రోగవలసినది బడిగంట కాదు, ఆ తాళము తెఱచిన చప్పుడు.